ఫొటోలోని హీరో

లాక్‌డౌన్‌లో జర్మనీలోని పాడర్‌బోర్న్‌లో మా పై అంతస్తు జర్మన్ పెద్దావిడకు నేనే సరుకులు తెచ్చిపెట్టేవాణ్ణి. ఒకరోజు ఆవిడ గుమ్మంలో నిలబడి పాత ఫొటో చూపించింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వాళ్ల నాన్న బొంబాయిలో సినిమా కెమెరామన్. ఆయన పక్కనున్న హిందీ హీరోని వెంటనే గుర్తుపట్టాను.

"యుద్ధం రాగానే, జర్మన్ అని నాన్నను అక్కడి బ్రిటిష్‌వాళ్లు నిర్బంధించారు. ఈ హీరో తర్వాత ఏమయ్యాడో నాన్నకు తెలియలేదు" అంది.

"మొదట్లో తన పాటలు తనే పాడుకున్న హీరో అండీ. తర్వాత తండ్రిగా, తాతగా చివరిదాకా నటించాడు. ఆ తాతనే మా అమ్మమ్మ పక్కన కూర్చుని టీవీలో చూసేవాణ్ణి."

"అదృష్టవంతుడు. నాన్న మళ్లీ కెమెరా ముట్టుకోలేదు."

ఆ ఆదివారం మెట్ల మీద దూరదూరంగా కూర్చుని, లాప్‌టాప్‌లో ఆ హీరో తాతగా వేసిన సినిమా చూశాం. భాష రాకపోయినా, ఆయన కనిపించినప్పుడల్లా ఆవిడ ముందుకు వంగేది.