తప్రాండిచ్ నోటి మాట

కెన్యాలోని నంది కొండల్లో తేయాకు కోసే ఆడవాళ్ళలో తప్రాండిచ్ అంత నోరున్న మనిషి ఇంకొకరు లేరు. ఈ గట్టు మీద నిలబడి ఆవును అదిలిస్తే అవతలి గట్టు మీది ఆవులు కూడా ఆగేవి. మొగుడు పోయాక ముగ్గురు పిల్లల్ని ఆ నోటితోనే పెంచింది. తెల్లవారకముందే ఎర్రమట్టి దారిలో పరుగు సాధన చేసే కుర్రాళ్ళు ఆమె ఇల్లు దాటేటప్పుడు ఇంకాస్త జోరు పెంచేవారు. “ఇంట్లో పనంటే కాళ్ళు నొప్పులు, ఊరికే పరిగెత్తమంటే మాత్రం రెక్కలొస్తాయిరా మీకు!” అని ఆమె కేకలేస్తుంటే నవ్వుకుంటూ పోయేవారు. మనిషి చెడ్డది కాదు. ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు వెళ్ళేది ఆమే. కాకపోతే తిట్టుకుంటూ వెళ్ళేది.

పెద్దకొడుకు కిబివోట్ మాత్రం నోట్లో నాలుక లేనివాడు. మూడేళ్ళ కిందట బడి మధ్యలో మానేసి, ఎవరో ఏజెంటు వెంట గల్ఫ్ దేశానికి పోయాడు. అక్కడ గుర్రాలశాలలో పని, సాయంత్రాలు చదువు అని చెప్పాడు. తప్పకుండా ఫోన్ చేసేవాడు. ఎప్పుడొస్తావురా అంటే మాత్రం మాట మార్చేసేవాడు.

పక్కింటి జెరోప్ కొడుకు కిమేలిని ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీలకు ఎంపిక చేశారు. ఇరవై నిండని మగపిల్లల పరుగు. జెరోప్ కాన్పయ్యి మంచం పట్టినప్పుడు ఆ కిమేలికి పాలిచ్చింది తప్రాండిచ్చే. అందుకే పరుగు రోజున జెరోప్ ఇంట్లో టీవీ ముందు అందరికంటే ముందు చతికిలబడింది.

ఎక్కడో చలిదేశం. బురద, దుంగలు, ఎక్కుడు దిగుడు. మొదటి మూడు చుట్లూ కెన్యా పిల్లలు గుంపుగానే పోయారు.

“అట్లా పోవాలి! ఒకళ్ళ వీపు ఒకళ్ళు కాచుకోవాలి,” అన్నాడు అరాప్ చుమో. ఆయన ఒకప్పుడు సైన్యంలో పరిగెత్తిన ముసలాయన.

“నువ్వు పరిగెత్తినప్పుడు వెనక నీ వీపు కాయడానికి ఎవరూ మిగల్లేదటగా తాతా, అందరూ ముందే పోయారటగా!” అంది తప్రాండిచ్. ఇల్లంతా ఘొల్లుమంది.

చివరి చుట్టులో కిమేలి ముందుకొచ్చాడు. వాడి వెనకాల ఒకే ఒక్కడు మిగిలాడు. తెల్ల బనియను, చెవులు మూసేలా లాగిన ఉన్ని టోపీ. తెర మీద ఏదో గల్ఫ్ పేరు పడింది.

“పేరు వాళ్ళది, కాళ్ళు మాత్రం మన కొండలవే. డబ్బుకి పేరూ దేశమూ మార్చుకున్నోడు,” అన్నాడు ముసలాయన.

ఆఖరి ఎక్కుడులో తెల్ల బనియను వాడు పక్కకొచ్చి దాటేశాడు. దారి ఇవ్వబోయి కిమేలి బురదలో జారి మోకాళ్ళ మీద పడ్డాడు. జెరోప్ కెవ్వుమంది. తప్రాండిచ్‌కు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడి టీవీ మీదికి చెయ్యి చాచింది.

“ఒరే అమ్ముడుపోయిన వెధవా! నిన్ను కన్నదాని కళ్ళకి నువ్వు మళ్ళీ కనబడకుండా పోవాలి!”

“ఏయ్! ఏం మాటే అది!” అని అరాప్ చుమో గద్దించాడు. అక్కడ తిట్టు వేరు, శాపం వేరు. పిల్లల్ని కన్న మనిషి కన్నతల్లి పేరెత్తి అంటే అది శాపమే. పైకి నవ్వేసేవాళ్ళు కూడా లోపల దానికి భయపడతారు.

తెల్ల బనియను వాడు గీత దాటి గెలిచాడు. ఉన్ని టోపీ లాగేసి తలెత్తాడు. తెర నిండా వాడి మొహం.

“అక్కా, మన కిబివోట్…” అంది జెరోప్.

తప్రాండిచ్ చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. మూడేళ్ళలో జానెడు పొడుగెదిగాడు, దవడలు తేలాయి, అయినా తను కన్నవాడు. అందరికంటే ఆలస్యంగా గుర్తుపట్టింది తనే. నేల మీద కూలబడింది. దేశం మారాడన్న కోపం, గెలిచాడన్న సంతోషం ఏవీ ఆమె దగ్గరికి రాలేదు. తన నోట్లోంచి వచ్చిన మాటొక్కటే చెవుల్లో గింగురుమంటోంది.

“తెలియక అన్నావు. అయినా అన్నది అన్నదే,” అన్నాడు అరాప్ చుమో నెమ్మదిగా. “శపించిన నోరే ఉమ్మితే శాపం విరుగుతుంది. వాడి గుండె మీద నువ్వే ఉమ్మి, నీ మాట వెనక్కి తీసుకోవాలి. రప్పించు వాణ్ణి.”

ఇంకా చీకటి పడకముందే ఆమె ఫోన్ మోగింది. ఆమె అందుకోకపోతే జెరోప్ తీసి, అందరికీ వినబడేలా నొక్కి, ఆమె మొహం ముందు పట్టుకుంది.

“అమ్మా! నన్ను చూశావా? కోప్పడకమ్మా. నీ నోటికి భయపడే పరుగు సంగతి చెప్పలేదు. గెలిచాక చెబుదామనుకున్నా.”

“ఇంటికెప్పుడొస్తావురా?”

“పాస్‌పోర్టు నన్ను పరిగెత్తించేవాళ్ళ దగ్గరుందమ్మా. ఇవ్వమని ఎన్నోసార్లు అడిగా. ఎప్పటికిస్తారో చెప్పట్లేదు.”

తను అన్న మాట అప్పుడే వాణ్ణి పట్టుకుందనుకుంది తప్రాండిచ్.

“చొక్కా తీసి ఫోన్ గుండె మీద పెట్టుకో.”

“ఎందుకమ్మా?”

“పెట్టుకోరా!”

ఫోన్ మీద ఉమ్మింది. మళ్ళీ ఉమ్మింది. జెరోప్ వేళ్ళ మీద తుంపర్లు పడ్డాయి, ఆమె తుడుచుకోలేదు.

వాడూ ఆ కొండల్లో పుట్టినవాడే. ఆ చప్పుడేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. మళ్ళీ మాట్లాడినప్పుడు వాడి గొంతు పిల్లాడి గొంతైపోయింది.

“అమ్మా, నన్నెవరు శపించారు? కిమేలిని దాటానని జెరోప్ పిన్నేమైనా అందా?”

జెరోప్ తప్రాండిచ్ వైపు చూసింది. ఫోన్ పట్టుకున్న చెయ్యి తీయలేదు, కాదని కూడా అనలేదు.

“కాదురా,” అంది తప్రాండిచ్. “నేనే.”



“ఇంకోసారి ఉమ్మమ్మా,” అన్నాడు కిబివోట్. “గట్టిగా ఉమ్ము. నాకు ఇంటికి రావాలనుంది.”