సాంచ అప్పజెప్పినట్టు

నవాగామ్ నుంచి సచిన్ వెళ్లే సాయంత్రం బస్సులో, నా పక్కన కూర్చున్న నడివయసు మనిషి ఫోన్‌లో ఒక కత్తివీరుణ్ణి నడిపిస్తూ "జర ఆగు బిడ్డా" అని బతిమాలుతున్నాడు. సూరత్‌లో తెలుగు వినబడితే నేను ఊరుకోలేను. పైగా అది నేనూ ఆడే గేమే.

"ఒక్కరే ఆడాలె, గదే దీంతోని తక్లీఫ్ అన్నా. ఇద్దరు కలిసి ఆడెటట్టు జేస్తే మస్తుంటది," అన్నాను, ఆయన అడగకపోయినా.

"మేం ఇద్దరమే ఆడుతున్నం," అన్నాడు.

ఆయనా, ఆయన దోస్తూ ఒకే సాంచ మీద, అంటే మరమగ్గం మీద, బట్ట నేస్తారట. దోస్తుది పగలు, ఈయనది రాత్రి. ఈ పాత ఫోన్ ఇద్దరిదీ. షిఫ్టు మారేటప్పుడు సాంచ ఒకరి చేతికొస్తే, ఇది ఇంకొకరి చేతికి పోతుంది.

"కలిసి ఆడాల్నంటే ఇద్దరికీ ఒక్కపారే ఖాళీ దొర్కాలె గద తమ్మీ. ఎప్పుడు దొర్కుతది?"



సచిన్ స్టాపు దగ్గరపడింది. ఆయన వీరుణ్ణి యుద్ధం మధ్యలోంచి వెనక్కి పరుగెత్తించి, గాయాలన్నీ మాన్పి, చలిమంట పక్కన కూర్చోబెట్టి సేవ్ చేశాడు.

"ఇంకొక్క దెబ్బేస్తే గెలుస్తుంటివి గదనే!" అన్నాను, ఉండబట్టలేక.

"పోగులు తెగిన సాంచను అవతలోనికి అప్పజెప్తమా? గిది గూడ గంతే."

పేరైనా అడగకముందే దిగిపోయాడు.

ఇప్పుడు నేను కూడా ఆట ఆపేముందు నా వీరుడి గాయాలు మాన్పి, మంట పక్కన కూర్చోబెడతాను. నా తర్వాత నా ఫోన్ అందుకునేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.