ఏడు మెట్ల ఓదార్పు

వెర్లీన్ స్టబ్స్‌కు యాభై ఎనిమిదేళ్లు. కాన్సాస్‌లోని ఆ చిన్న ఊళ్లో ముప్పై ఏళ్లుగా తన ఇంట్లోనే ఊరి పిల్లల్ని చూసుకుంటోంది. శిశువిద్యలో సర్టిఫికెట్ లేనివాళ్లు జూన్ తర్వాత ఆ పని చేయకూడదని కొత్త నిబంధన వచ్చింది. చేసేది లేక కమ్యూనిటీ కాలేజీలో చేరింది. కూర్చోబోయే ముందు కుర్చీని అరచేత్తో తుడుస్తుంది. ఎవరి కాఫీ కప్పు బల్ల అంచున కనిపించినా, అడక్కుండానే లోపలికి జరుపుతుంది.

"మా డైపర్లు మార్చినప్పుడు నీకు ఏ సర్టిఫికెట్ ఉంది, వెర్లీనమ్మా?" అంది పక్కన కూర్చునే పంతొమ్మిదేళ్ల టాన్సీ.

"అప్పుడే అడగాల్సింది. అలాగే వదిలేసేదాన్ని."

ఆ రోజు పాఠం, ఏడ్చే బిడ్డను ఏడు మెట్లలో ఓదార్చడం. ఇంట్లో చూసేవాళ్లు లేక, పాఠం చెప్పే డెలేనీ తన రెండేళ్ల కూతుర్ని వెంట తెచ్చింది. పాఠం మొదలవగానే పాప ఏడుపు లంకించుకుంది.

డెలేనీ మోకాళ్ల మీద కూర్చుంది. "నీకు కోపంగా ఉంది కదూ? కోపం రావడం తప్పేం కాదు, బంగారూ."

పాప గుక్కపట్టింది. ఐదో మెట్టుకు వచ్చేసరికి తల్లి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. వెర్లీన్ లేచి వెళ్లి, పాప ఎడమకాలి బూటు విప్పి దులిపింది. చిన్న గులకరాయి రాలింది. పాప ఊరుకుంది.

"ఇది ఎన్నో మెట్టండీ?" అంది డెలేనీ.

"మెట్టు కాదు టీచరమ్మా, రాయి."

తరగతంతా గొల్లున నవ్వింది. డెలేనీ కళ్లు తుడుచుకుని, బోర్డు మీద 'ఎనిమిదో మెట్టు: పాదరక్షల పరిశీలన' అని రాసింది.

పరీక్షలో వస్తుందేమోనని వెర్లీన్ దాన్ని బుద్ధిగా రాసుకుంది.