చిల్లుల బాబాయి

మూసి ఉన్న వస్తువు ఏది కంటపడినా దానికి చిల్లు పెట్టకుండా ఉండలేకపోవడం బాబాయికి ఉన్న ఒకే ఒక్క జబ్బు. డబ్బా అయితే డబ్బాకి, పెట్టె అయితే పెట్టెకి, తలుపైతే తలుపుకి. కొందరికి పేకముక్కలు చూస్తే చెయ్యి దురద పెడుతుంది. బాబాయికి మూత బిగించిన డబ్బా కనిపిస్తే చాలు, జేబులోని సూది దానంతట అదే వేళ్ళ మధ్యకి వచ్చేసేది.

వీధి మొత్తానికీ ఆయన బాబాయే. ఆయనకి భార్య కావడం వల్ల ఆవిడ అందరికీ పిన్ని అయింది. వీధి చివర ఆయనకి కెమెరాలు బాగుచేసే దుకాణం ఉండేది. జనం ఆయన్ని వెనకాల ‘చిల్లుల బాబాయి’ అనేవాళ్ళు. ముందర కూడా అనేవాళ్ళు. ఆయన అదొక బిరుదనుకుని మురిసిపోయేవాడు.

పెళ్ళయిన కొత్తలో పిన్నికి ఈ సంగతి తెలియదు. ఒకరోజు పొద్దున్నే టీపొడి డబ్బా చేతిలోకి తీసుకుంటే పొడి సన్నటి ధార కట్టి ఆవిడ కాళ్ళ మీద పడింది.

“ఏమండీ, వంటింట్లో ఎలకలున్నాయి. డబ్బాకి కన్నం చేశాయి” అంది.

“రేకుని ఎలక కొరుకుతుందా, పిచ్చిమొహమా? నేనే పెట్టాను. రెండోవైపు రేకు కోసేసి పల్చటి కాగితం అంటించామనుకో, మన పెరడంతా దాని మీద కనిపిస్తుంది. చెట్టు, బావి, ఆరేసిన బట్టలు, అన్నీ. తలకిందులుగా.”

“తలుపు తీస్తే తిన్నగానే కనిపిస్తున్నాయి కదండీ.”

ఆ మాటకి బాబాయి ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు. అప్పుడప్పుడూ అన్నం తింటూ తింటూ చెయ్యి గాల్లో ఆపి, “నువ్వు ఆవేళ అన్నావు చూడు...” అని మొదలుపెట్టి, మళ్ళీ ఆలోచనలో పడిపోయేవాడు.

దుకాణంలో అయితే ఆయన నోటికి తాళం ఉండేది కాదు. ఎవరైనా కెమెరా పట్టుకొచ్చి బల్ల మీద పెడితే, మూత విప్పుతూనే దాని జాతకం మొదలుపెట్టేవాడు.

“కెమెరా అంటే ఏమిటి? ఒక చీకటి పెట్టె, దానికో చిల్లు. తక్కినదంతా ఆడంబరం.”

“మరి ఈ లెన్సు?” అనేవాడు వచ్చినాయన. అనకుండా ఉండాల్సింది.

“అలా అడుగు. చిల్లు చిన్నదైతే బొమ్మ స్పష్టంగా వస్తుంది, వెలుగు చాలదు. పెద్దదైతే వెలుగు బోలెడు, బొమ్మ అలుక్కుపోతుంది. వెలుగుకీ బొమ్మకీ ఎప్పుడూ అత్తాకోడళ్ళ తగువే. ఆ తగువు తీర్చడానికి వచ్చిన పెద్దమనిషి లెన్సు. పెద్ద చిల్లులోంచి ఎంత వెలుగొచ్చినా, దేని చోటికి దాన్ని పంపించి కూర్చోబెడుతుంది.”

“మరి ఫిల్ము...” అనేవాడు వచ్చినాయన, గుమ్మం వైపు చూస్తూ.

“గోడ మీద పడ్డ బొమ్మని గోడ మర్చిపోతుంది. ఫిల్ము మర్చిపోదు. దాని ఒంటికి వెండి ఉప్పు పూసి ఉంటుంది. ఒక్క రెప్పపాటు వెలుగు తగిలితే చాలు, జన్మంతా గుర్తుపెట్టుకుంటుంది. అప్పు తీసుకున్నవాడికి లేని జ్ఞాపకశక్తి దానికి ఉంది.”

ఈ పురాణం పూర్తయ్యేసరికి కెమెరా ఎప్పుడో బాగుపడి ఉండేది. మాట్లాడుతున్నంతసేపూ ఆయన వేళ్ళు పని చేస్తూనే ఉంటాయి మరి.

ఒకసారి భార్యాభర్తలిద్దరూ పిన్ని అన్నగారింటికి వెళ్ళారు. భోజనాల వేళకి బాబాయి కనబడలేదు. అందరూ ఊరంతా వెతుకుతుంటే, వదినగారు బట్టలు తీసుకుందామని బీరువా తెరిచింది. లోపల వేలాడుతున్న కోట్ల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు బాబాయి.

“కాస్త తలుపు ముయ్యమ్మా. వెలుగొచ్చేస్తోంది” అన్నాడు.

ఆవిడ తలుపు మూయలేదు, స్పృహ తప్పి పడిపోయింది. బీరువా తలుపుకి కొత్తగా ఒక చిల్లు ఉన్న సంగతి సాయంత్రానికి గానీ బయటపడలేదు. ఇంటికి రాగానే పిన్ని ఆయన జేబులన్నీ తడిమి సూదులు ఏరేసింది. ఆ తర్వాత చాలాకాలం ఇల్లు చిల్లు లేకుండా గడిచింది.

విధి కొంటెది. ఇలాంటి మనిషికి ఎలాంటి ఇంటాయన దొరకాలో అలాంటివాడే దొరికాడు. మేడ మీద ఆయన కాపురం, కింద వీళ్ళు అద్దెకి. గోడకి మేకు కొట్టాలంటే ఆయన్ని వారం ముందు నుంచీ బతిమాలాలి. కొట్టేటప్పుడు పక్కనే నిలబడి, తన వేలికే దెబ్బ తగిలినట్టు “అబ్బా” అనేవాడు. కొత్తగా రంగులు వేయించిన కిటికీ తలుపుల్ని పొద్దున్నే పలకరించి గానీ కాఫీ తాగేవాడు కాదు.

ఆయన కూతురు పురిటికి పుట్టింటికి వచ్చింది. వచ్చిన కొద్ది రోజులకే డాక్టరమ్మ చూసి, కాన్పు అయ్యేదాకా మంచం దిగడానికి వీల్లేదంది. లేచి కూర్చోకూడదు, వెల్లకిలా పడుకునే ఉండాలి. ఇంటాయనకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. దుమ్మొస్తుందని, చప్పుడొస్తుందని, చలిగాలొస్తుందని కూతురి గది కిటికీ తలుపులన్నీ బిగించేశాడు. ఆ పిల్ల తల కిటికీ వైపు పెట్టి పడుకుంది. కళ్ళెదురుగా పైకప్పు తప్ప ఇంకేమీ లేదు.

పిన్ని ఒకరోజు చూడ్డానికి వెళ్ళింది.

“ఎలా ఉన్నావే తల్లీ?”

“ఆ కప్పు మీద బీట చూశావా పిన్నీ? వచ్చిన కొత్తలో అది బాతులా కనిపించేది. దానితో కబుర్లు చెప్పుకునేదాన్ని. రెండు రోజుల నుంచీ బాతులా కూడా కనిపించడం లేదు.”

నవ్వుతూనే అంది గానీ, ఆ నవ్వు పిన్నికి ముల్లులా గుచ్చుకుంది. భోజనాల దగ్గర ఆ మాట బాబాయితో చెప్పింది. ఆయన నోట్లో ముద్ద నమలడం మానేశాడు. “కప్పు తెల్లగానే ఉందా?” అని మాత్రం అడిగాడు. బెంగలో ఉన్న పిల్ల గురించి చెబుతుంటే సున్నం గురించి అడుగుతాడేమిటని పిన్నికి ఒళ్ళు మండింది.

ఆ తర్వాత నుంచీ బాబాయి తీరు మారిపోయింది. మిట్టమధ్యాహ్నం దుకాణం మూసేసి, ఎర్రగొడుగు వేసుకుని ఇంటి ముందు వీధిలో ఆ చివరికీ ఈ చివరికీ నడవడం మొదలుపెట్టాడు. ఉత్త నడక కూడా కాదు. ఒకసారి సిపాయిలా, ఒకసారి కుంటుతూ, ఒకసారి గొడుగుని బొంగరంలా తిప్పుతూ. దీపస్తంభానికి వంగి దండం పెట్టేవాడు. కుక్క ఎదురొస్తే దారి ఇచ్చి టోపీ తీసేవాడు.

పక్కింటావిడ వచ్చి, “పిన్నీ, ఆయన తలకి కాస్త చన్నీళ్ళు పోయించు” అంది జాలిగా.

పిన్నికి తల కొట్టేసినట్టయింది. రాత్రికి నిలదీసింది.

“ఏమండీ, వీధిలో ఆ గంతులేమిటి?”

“వ్యాయామం. మోకాళ్ళ నొప్పికి మంచిది.”

“మీకు మోకాళ్ళ నొప్పి లేదు కదా.”

“అదే, మంచిదన్నాను కదూ” అన్నాడు బాబాయి, అటు తిరిగి పడుకుని.

మర్నాడు మధ్యాహ్నం పిన్ని కునుకు తీస్తూంటే వీధిలో గోల వినిపించింది. గుమ్మంలోకి వచ్చి చూసి, చెంగు నోట్లో కుక్కుకుంది. ఎదురుగా దర్జీ కొట్టు ముందు, బోలెడు మంది చూస్తుండగా, బాబాయి తలకిందులుగా నిలబడి ఉన్నాడు. దర్జీ ఆయన చీలమండలు రెండూ పట్టుకుని రొప్పుతున్నాడు. చొక్కా జారి ముఖం మీద పడింది. ఖాళీగా ఉన్న ఒక చేత్తో ఆయన మేడ వైపు ఊపుతున్నాడు.

సరిగ్గా అప్పుడే ఇంటాయన బయటి పని ముగించుకుని వీధి మలుపు తిరిగాడు. ముందు బాబాయిని చూశాడు. తర్వాత ఆ చెయ్యి ఎటు ఊగుతోందో అటు చూశాడు. తన కిటికీ తలుపు నట్టనడుమ గుండ్రటి చిల్లు ఉంది. అందులో ఏదో అద్దం తళుక్కుమంటోంది.

“నా కిటికీకి ఆ చిల్లు ఎవరు పెట్టారు?”

“కొంచెం పక్కకి జరగండి, అడ్డమొస్తున్నారు” అంది చొక్కా లోపలి నుంచి బాబాయి గొంతు.

“ఎవరికయ్యా అడ్డం?”

“అమ్మాయికి.”

“రేపు పొద్దున్నకల్లా ఇల్లు ఖాళీ చెయ్యి” అన్నాడు ఇంటాయన. ఏదో చెప్పి బతిమాలుకుందామని పిన్ని నోరు తెరిచింది.

అంతలో మేడ మీద నుంచి నవ్వు వినిపించింది. పడీ పడీ నవ్వే నవ్వు. ఇంటాయన ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో ఏమో, మాట మధ్యలో ఆగిపోయాడు. తర్వాత రెండేసి మెట్లు చొప్పున మేడెక్కాడు. వెనకే పిన్ని.

గది చీకటిగా ఉంది. మంచం పక్కన కూర్చున్న ఇంటామె, భర్తని చూసి చప్పున లేచి నిలబడింది. ఇంటాయన చెయ్యి స్విచ్చి మీదికి పోయింది.

“నాన్నా, లైటు వెయ్యకు, బొమ్మ పోతుంది. నా పక్కన తల పెట్టి పైకి చూడు” అంది కూతురు.

ఇంటాయన నేల మీద చతికిలబడి, దిండు మీదికి తల వాల్చి పైకి చూశాడు. పిన్ని కూడా మెడ వెనక్కి వంచి చూసింది. కళ్ళు మెల్లగా చీకటికి అలవాటు పడ్డాయి.

వీధి మొత్తం కప్పు మీద ఉంది. ఎండ రంగు రోడ్డు, దర్జీ కొట్టులో వేలాడుతున్న నీలం గుడ్డ, సైకిలు మీద పోతున్న పాలాయన, గుంపులో ఒకావిడ పచ్చ సంచీ. కదులుతున్నాయి, ఆగుతున్నాయి, ఒకదాన్నొకటి దాటుకుంటున్నాయి. సినిమా కాదు, అప్పుడే ఆ క్షణానే కింద జరుగుతున్న వీధి. మనుషులంతా గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడుతున్నారు. అందరి మధ్యా ఒక్క మనిషి మాత్రం తలెత్తుకుని తిన్నగా నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. బాబాయి.

“నిన్న నేనే అన్నాను నాన్నా. అందరూ తలకిందులుగానే కనిపిస్తున్నారు, ఒక్కరైనా తిన్నగా కనిపిస్తే బాగుండు అని. ఊరికే సరదాకి అన్నాను. బాబాయి ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు” అంది కూతురు. మళ్ళీ నవ్వొచ్చి మాట ఆగిపోయింది.

ఇంటామె మెల్లగా నోరు విప్పింది. “కిటికీ గడియ బాగుచెయ్యమని నేనే పిలిచాను. మీరు లేని వేళ చూసి చిల్లు పెట్టాడు. చిన్న చిల్లుకి వెలుగు చాలడం లేదని, మర్నాడు పెద్దది చేసి లెన్సు బిగించాడు. మీరు ఇంట్లో ఉన్నంతసేపూ దానికి తలుపు రంగు మూత పెట్టి ఉంచేదాన్ని. పిల్ల ముఖం చూడండి, తర్వాత నన్ను తిట్టండి.”

లెన్సు అనగానే పిన్ని కిటికీ వైపు చూసి గుర్తుపట్టింది. ఎంతమంది అడిగినా బాబాయి అమ్మనిది, దుమ్ము దులపడానికి కూడా తనని ముట్టుకోనివ్వనిది, దుకాణంలో గుడ్డలో చుట్టి దాచుకున్నది. ఆవిడకి మొగుడి మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. వెంటనే ఇన్నాళ్ళూ తనకి చెప్పనందుకు కోపం కూడా వచ్చింది.

ఇంటాయన కప్పు మీద నుంచి చూపు తిప్పలేదు. “ఆ దర్జీ ఎందుకలా ఊగుతున్నాడు?” అన్నాడు కాసేపటికి.

పిన్ని చూసింది. “అయ్యో, పట్టు జారుతోంది” అంటూ కిందికి పరుగెత్తింది. ఆవిడ చేరేలోపే బాబాయి దర్జీతో సహా గుడ్డపీలికల గుట్టలో పడ్డాడు. ముఖం కందిపోయింది.

“కనిపించానా? అమ్మాయి ఏమంది?” అన్నాడు లేస్తూనే.

వెనకే ఇంటాయన వచ్చాడు. గుంపు తప్పుకుని దారి ఇచ్చింది. ఇంటాయన కాసేపు గొంతు సవరించుకుని, “ఏమయ్యా, రోజూ ఎర్రగొడుగు తెచ్చేవాడివట కదా. ఇవాళ ఏది? అమ్మాయి అడుగుతోంది” అన్నాడు.

ఆ మధ్యాహ్నం నుంచీ వీధి వీధంతా నటనలో దిగింది. దర్జీ పూటకో రంగు గుడ్డ వేలాడదీశాడు. పాలాయన చేతులు వదిలేసి సైకిలు తొక్కాడు. పక్కింటావిడ ముస్తాబై మరీ చెత్త పారబోయడానికి వచ్చేది. ఇంటాయన రోజూ అదే వేళకి కింద నిలబడి, బిగుసుకుపోయి, కూతురికి చెయ్యి ఊపేవాడు.

నెలలు నిండుతుండగా బాబాయి ఒక మాటన్నాడు. “అమ్మాయి ఉన్నది గదిలో కాదు, కెమెరా లోపల. ఇంత మంచి కెమెరా పెట్టుకుని ఫోటో తియ్యకపోతే పాపం.”

పెద్ద ఫోటో కాగితం తెచ్చి ఎర్రదీపం వెలుగులో కప్పుకి దిగ్గొట్టాడు. మేకులు అందించింది ఇంటాయనే. “మరీ కదలకుండా నిలబడాలి. ఈ కాగితానికి వెలుగు తాగడానికి కాస్త టైము పడుతుంది” అని బాబాయి వీధంతా తిరిగి చెప్పాడు. అందరూ వరుసగా నిలబడ్డారు. ఇంటాయన మాత్రం నిలబడలేదు.

“నా కూతురి ఫోటోలో నేను తిన్నగా ఉండాలి. ఎత్తండయ్యా” అన్నాడు.

దర్జీ ఒక కాలు, బాబాయి ఒక కాలు పట్టుకున్నారు. మేడ మీద ఇంటామె లెన్సు మూత తీసింది. వీధి ఊపిరి బిగబట్టింది. ఈగ వాలినా ఎవరూ తోలలేదు.

కాగితాన్ని మందునీళ్ళలో కడిగి ఆరేసి, బాబాయి తెచ్చి చూపించాడు. ఇంటాయన దాన్ని దగ్గరా దూరమూ పెట్టి చూశాడు. అందులో ఆయన తెల్లజుట్టు నల్లగా నిగనిగలాడుతోంది.

“ఇది నెగటివ్ అండీ. వెలుగు పడ్డచోటల్లా నల్లబడుతుంది. దీన్ని మళ్ళీ ఇంకో కాగితం మీద తిరగేస్తే అసలు బొమ్మ...”

“ఏమీ తిరగెయ్యక్కర్లేదు” అన్నాడు ఇంటాయన. ఆ సాయంత్రమే దానికి పటం కట్టించాడు.

కాన్పు సులువుగా అయింది. వీధి చివరిదాకా వినిపించేంత గొంతుతో ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికి బాబాయి, పిన్ని వెళ్ళేసరికి ఇంటాయన మనవరాల్ని పొత్తిళ్ళలో ఎత్తుకుని హాల్లో పటం ముందు నిలబడి ఉన్నాడు.

“చూశావా బంగారం, వీడే మీ తాత.”

“పుట్టగానే పిల్లకి అబద్ధాలు నేర్పకండి” అంది లోపలి నుంచి ఇంటామె.

“అబద్ధమేమిటి? ఏమయ్యా, నువ్వు చెప్పు, ఫోటో అబద్ధం చెబుతుందా?”

నిజం చెప్పేస్తాడేమోనని పిన్నికి భయం వేసింది. వెలుగు గురించి ఎవరేం అడిగినా బాబాయి పూటంతా చెబుతాడు, ఒక్క ముక్క దాచడు. బాబాయి పటం వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు, ఇంటాయన నెత్తి వైపు చూశాడు.

“ఆ కాగితం మీద వెలుగు మొట్టమొదట గీసిన బొమ్మ ఇదేనమ్మా” అని పిల్లకి చెప్పి, నోరు మూసుకున్నాడు.

ఇంటాయన జుట్టు సవరించుకున్నాడు.