సర్కారులో చేరాక చేసిన ధర్నా

మా పార్టీ చిన్నది. చేవెళ్ల మండలంలో దానికి కార్యదర్శిని నేనే. నేను బట్టలు కుట్టే గదే పార్టీ ఆఫీసు. వచ్చిన ప్రతి ప్రభుత్వాన్నీ రోడ్డు మీద కూర్చుని నిలదీసిన మా పార్టీ, ఈసారి పెద్ద పార్టీతో కలిసి సర్కారులో చేరింది. మాకూ ఒక మంత్రి పదవి దక్కింది. ఆరోజు మిఠాయిలు పంచినవాళ్లలో నేనూ ఉన్నాను.

రెండు నెలలు తిరక్కుండానే, రోడ్డు పని ఉందని, చేవెళ్లలో రోడ్డు పక్కన కూరగాయలమ్మే ఆడవాళ్లను అక్కడినుంచి లేవమన్నారు. వేరే చోటు చూపించలేదు. ముడిమ్యాల నుంచి టమాటా గంప తెచ్చే ఒక ముసలమ్మ నా దగ్గరికొచ్చింది.

"బిడ్డా, ఇన్నొద్దులు నీ ఎంబడొచ్చి సర్కారును అడిగినం. ఇప్పుడు సర్కారే మీదాయె. ఇంక ఎవల్ని అడగాలె?"

మిగతావాళ్లను కూడా పిలుచుకు రమ్మన్నాను.

మర్నాడు మొయినాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో మా జిల్లా నాయకుడి సమావేశం. ఎన్నో ధర్నాల్లో నా పక్కన కూర్చున్న మనిషే. ఆ ఆడవాళ్లకు చోటు చూపించాలని సోమవారం తహసిల్ ఆఫీసు ముందు కూర్చుంటామని ఆయనతో చెప్పాను.

"మన మీద మనమే ధర్నా చేస్తమా? జర ఓపిక పట్టు. మార్కెట్ కమిటీల నీ పేరు రాసిన" అన్నాడు.

"నా పేరు కొట్టెయ్యన్న. ఆళ్లకు జాగ రాయి."

"అయితే జెండా తీస్కపోకు."

"తీస్కపోత. జాగ చూపకుంట ఎవల్ని లేపనియ్యమని మనం ఓట్లప్పుడు చెప్పిన మాటనే అడుగుతున్న."

సోమవారం ముప్పైమంది ఆడవాళ్లు వచ్చారు. మా కార్యకర్తల్లో ఇద్దరే వచ్చారు. మిగతావాళ్లు అప్పటికే పెద్ద పార్టీ కార్లలో తిరుగుతున్నారు. ఆఫీసరు బయటికొచ్చి, "మీ పార్టీ అధికారంల ఉన్నది గదమ్మా?" అన్నాడు.

"అందుకే సార్, జల్ది అయితదని వచ్చినం" అన్నాను.

ఆయనకు నవ్వొచ్చింది. నాలుగో రోజు బస్టాండు పక్కన స్థలం చూపించారు. రేకుల కప్పు తర్వాత వచ్చింది.

వారానికి నన్ను కార్యదర్శి పదవి నుంచి తీసేశారు. ఆ పూట మిషన్ తొక్కబుద్ధి కాలేదు. కానీ చేసింది తప్పని ఒక్కసారి కూడా అనిపించలేదు.

స్థానిక ఎన్నికల్లో చుట్టుపక్కల మావాళ్లు చాలాచోట్ల ఓడిపోయారు. పెద్ద పార్టీకీ మాకూ తేడా ఏముందని జనం మొహం మీదే అడిగారు. మా వార్డులో నేను గెలిచాను. సాయంత్రం జిల్లా నాయకుడే ఫోన్ చేశాడు.

"మల్ల కార్యదర్శివి నువ్వే ఉండాలె."

"ఉంట అన్న. కానీ అడుగుడు బంద్ చెయ్య."

"సరే, రేపు మొయినాబాద్ రా. అక్కడ గూడ కొందరు ఆడోళ్లు జాగ అడుగుతున్నరు" అన్నాడు.