నీళ్ల కంటే తేలికైన పాలు

మా సుంకప్ప చిన్నాయన పక్కింట్లో గ్లాసు చక్కెర చేబదులు తెస్తే, తిరిగి ఇచ్చేటప్పుడు గ్లాసు నిండా పోసి, పైన గుట్టగా నిలిచినదాన్ని చేత్తో సమంగా తోసి మరీ ఇస్తాడు. "గ్లాసు తీసుకుంటిమి, గ్లాసు ఇస్తాండాం. గుట్ట తీసుకోలేదే!" అంటాడు. మా చిన్నమ్మ చౌడమ్మ తల కొట్టుకుంటుంది. పిసినారి అనుకునేరు, కాదు. వట్టి కొలతల పిచ్చి.

రాయదుర్గంలో పద్నాలుగేళ్లు జీన్స్ ప్యాంట్ల గుడ్డ కత్తిరించాడు. అక్కడ వేలెడు తేడా వస్తే వంద ప్యాంట్లు పాడు. ఆ పిచ్చి అక్కడే పట్టుకుంది. ఇప్పుడు బెళుగుప్ప దగ్గర మా ఊళ్లోనే పాల కేంద్రం చూసుకుంటున్నాడు. వాన మొహం చాటేసి చెనక్కాయ పంట ఎండిపోయినా, ఇంటికొక గేదె ఉంటే పొయ్యి వెలుగుతుంది. అందుకే "పాలు బాగుండాయి" అని ఆయన అనే మాటంటే ఊరికి అంత లెక్క.

మొన్న ఎండాకాలం పాలు పరీక్షించే గాజు గొట్టం చేయిజారి పగిలింది. కొత్తది రావడానికి వారం పడుతుందన్నారు. వెంటనే నాకు ఫోను. నేను తొమ్మిదో తరగతి పిల్లలకు సైన్సు చెప్తాను.

"సుజాతమ్మా, అది లేకుండా నీళ్లు కలిపింది కనుక్కునేదెట్ల?"

"ఏముంది చిన్నాయనా! లీటరు పాలు తూకం వెయ్యి. బరువును ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత. లీటరు నీళ్లు వెయ్యి గ్రాములు. మంచి పాలు వెయ్యిన్నీ ముప్పై దాకా తూగుతాయి. వెయ్యికి దగ్గరయ్యే కొద్దీ నీళ్లన్నమాట" అని గొప్పగా చెప్పాను. నా పాఠం పాల కేంద్రం దాకా పోయిందని మురిసిపోయి, మర్నాడు పొద్దున్నే చూడ్డానికి వెళ్లాను కూడా.

వరసలో మొదట హనుమక్క. భర్త లేడు, ఉన్నది ఒక్క గేదె. ఇల్లు కేంద్రానికి ఎదురుగానే. పితికిన చెంబు పితికినట్టే తెస్తుంది. చిన్నాయన స్టీలు లీటరు కొలతను అంచుదాకా నింపి, త్రాసు మీద పెట్టాడు. కొలత బరువు ముందే తీసేసి ఉంది. తొమ్మిది వందల ఎనభై ఐదు! మళ్లీ పెట్టాడు. అంతే. సెల్లులో లెక్క వేశాడు. మిల్లీలీటరుకు ఒక గ్రాము కూడా లేదు.

"అక్కా, నీళ్లు కలిపినావు" అన్నాడు.

వెనక ఇరవై మంది. అందరూ విన్నారు. హనుమక్క మొహం మాడిపోయింది.

"ముప్పై ఏండ్లుగా పాలు పోస్తాండా. నీ కొడుక్కు పురిట్లో పట్టింది నేను పోసిన పాలే. అప్పుడు కనపడలేదేమప్పా నీళ్లు?"

"నేను కాదక్కా, త్రాసు చెప్తాండాది."

"లీటరు నీళ్లు ఎంత తూగుతాయంట నీ త్రాసులో?"

"వెయ్యి."

"మరి నా పాలు అంతకంటే తక్కువ తూగె. నీళ్లు కలిపితే నీళ్లకంటే తేలికెట్లయితాయి? చెప్పు!"

చెంబు అక్కడే వదిలేసి, రోడ్డు దాటి, తలుపు వేసుకుంది.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. పాలల్లో ఎన్ని నీళ్లు పోసినా బరువు ఆ రెండింటి మధ్యే ఉంటుంది గానీ నీళ్లకంటే తగ్గదు. బడి మొహం చూడని ఆ మనిషికి తట్టింది, నాకు తట్టలేదు. సిగ్గు సిగ్గు!

చిన్నాయన కొలత వైపు చూస్తూ నిలబడిపోయాడు. అంచుదాకా ఉన్న పాలు కిందికి దిగాయి. పైన నురగ చచ్చిపోయింది. మిగతావాళ్లు దూరం నుంచి వచ్చి వరసలో నిలబడేసరికి వాళ్ల పాలల్లో నురగ ఉండదు. హనుమక్క పాలల్లోనే ఉంటుంది.

"అయ్యో, గాలిని కూడా పాలని కొలిస్తినే! చక్కెర గుట్ట తోసేటోన్ని, నురగ తోయకపోతిని" అని నెత్తిన కొట్టుకున్నాడు. ఆమె చెంబులోంచే మళ్లీ అంచుదాకా నింపి తూచాడు. వెయ్యిన్నీ ఇరవై తొమ్మిది.

"పోనీలే చిన్నాయనా, సాయంత్రం మెల్లగా చెబుదువులే" అన్నాను.

నన్ను కొరికేసేలా చూశాడు. "అన్నది ఇంతమంది ముందర. చెవిలో చెప్తే సరిపోతాదా?"

ఒక చంకలో త్రాసు, ఒక చేతిలో పాల కొలతతో రోడ్డు దాటాడు. వరసంతా ఆయన వెనకే. హనుమక్క అరుగు మీద పెట్టి, అందరికీ కనపడేలా తూచి, గట్టిగా అన్నాడు. "అక్కా, నీ పాలల్లో చుక్క నీళ్లు లేవు. తప్పు నాది."

తలుపు తెరుచుకుంది. హనుమక్క కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నాకెందుకప్పా చెప్తావు? పాలిచ్చింది ఎనుము. దానికి చెప్పు పో."

ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నాయన నవ్వలేదు. భుజం మీద తువ్వాలు తీసి, అరుగు పక్కన కట్టేసిన గేదె ముందుకు పోయి, రెండు చేతులూ జోడించాడు. "తప్పయిపాయ తల్లీ." అది బుస్సుమని ముక్కు ఆయన చొక్కాకే తుడుచుకుంది. హనుమక్క పగలబడి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. మా చిన్నాయన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

"ఇంగ పో సుంకప్పా. ఎండెక్కతాండాది, అందరి పాలూ విరిగిపోతాయి" అందామె, కళ్లు తుడుచుకుంటూ.

కొత్త గొట్టం వచ్చింది. ఇప్పటికీ వరసలో మొదట హనుమక్కే. ఆమె చెంబు దించగానే చిన్నాయన చేతులు కట్టుకుని కూర్చుంటాడు. వెనకున్నోళ్లు ఎంత తొందరపెట్టినా, "గాలి పోనీయండప్పా" అంటాడు. హనుమక్క మాత్రం తలెత్తుకుని నిలబడి ఉంటుంది.