రాజమల్లు బాపు కాళ్ల బలం

2022లో నేను బెల్లంపల్లిలో ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేసేదాన్ని. ఆ ఎండాకాలం స్వరూప అనే ఆవిడ ఫోన్ చేసింది. వాళ్ల మామ రాజమల్లుకు డెబ్బై రెండేళ్లు, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. అత్త చనిపోయి ఐదు నెలలైంది. అప్పటిదాకా తిరిగిన మనిషి ఇప్పుడు ఎవరో ఒకరు పట్టుకుంటే తప్ప లేవడం లేదని, స్నానాల గదిలో రెండుసార్లు పడ్డాడని చెప్పింది.

వెళ్లి సిట్ టు స్టాండ్ టెస్ట్ చేయించాను. చేతులు ఆనించకుండా అరనిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో చూసే పరీక్ష అది. మూడోసారికే ఆగిపోయాడు. పక్షవాతం లేదు, కీళ్లు బాగానే ఉన్నాయి. తొడల కండ మాత్రం కరిగిపోయింది. దిగులుతో తిండి మానేశాడేమో అనుకున్నాను. అన్నం సరిగ్గానే తింటున్నాడంది స్వరూప. మరి ఐదు నెలల్లో ఇంత మార్పు ఎలా వచ్చింది?

అవ్వ ఉన్నప్పుడు మీకు ఏమేం చేసిపెట్టేదని రాజమల్లునే అడిగాను.

"అది నాకేం చేస్తది బిడ్డా? నాలుగేండ్ల సంది మంచంలనే ఉండె. నేనే లేపేది, నేనే తానం చేయించేది."

నేను తప్పు ప్రశ్న అడిగాను. ఆయన రోజు ఎలా గడిచేదో మొదటినుంచీ చెప్పించుకున్నాను. ఆమెను ఎత్తి కూర్చోబెట్టడం, నీళ్ల బకెట్లు మోయడం, ఆమె బట్టలు పిండి మిద్దె మీద ఆరేయడం. ఆమె పోయాక కొడుకూ కోడలూ ప్రేమకొద్దీ అన్నీ మంచం దగ్గరికే తెచ్చిచ్చారు.

నేను నేర్పిన వ్యాయామాలు ఆయన చేయలేదు. "ఎవలి కోసం చెయ్యాలె?" అన్నాడు.

దారి స్వరూపకే దొరికింది. ఒకరోజు తడిబట్టలు ఆయన ముందు పెట్టి, "మామా, నాకు నడుం నొస్తుంది. జర ఆరేస్తవా?" అంది. నొప్పి అబద్ధమే. మిద్దె మీదికి పదకొండు మెట్లు ఎక్కడానికి ఆయనకు పావుగంట పట్టింది. వెనకే నేను చేతులు చాచి నిలబడ్డాను. ముసలాయనతో చాకిరీ చేయిస్తోందని ఇరుగుపొరుగు అన్నారు. ఆమె ఏడ్చింది గానీ మానలేదు.

దసరా నాటికి అదే పరీక్షలో తొమ్మిదిసార్లు లేచాడు. తన స్నానం తనే చేస్తున్నాడు. నిండు బకెట్ మాత్రం ఇక ఎత్తలేకపోయాడు.

భార్య పోయిన పెద్దవాళ్లు నా దగ్గరికి వస్తే, ఆమెకు మీరు ఏమేం చేసేవారని ఇప్పుడు ముందే అడుగుతున్నాను. చాలామంది వెంటనే చెప్పలేరు. ఆ మాట అప్పటిదాకా వాళ్లను ఎవరూ అడిగి ఉండరు.